కలెక్టరు గారి నిద్ర చెడకుండా పర్యావరణాన్ని కాపాడటం ఎలా?

ఎండలు ముదిరాయి, వానలు గతి తప్పాయి, మీ మనసు ఊరుకోవడం లేదు. ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తోంది. ఆ కోరికను చంపుకోమని నేను చెప్పను. దాన్ని ఎవరికీ తగలని చోటికి మళ్లించడం ఎలాగో చెబుతాను. మా కాలనీ పర్యావరణ పరిరక్షణ కమిటీకి చాలాకాలంగా గౌరవాధ్యక్షుణ్ణి. మా హయాంలో ఒక్క ఫ్యాక్టరీ ఆగలేదు, ఒక్క చెరువు శిఖంలోంచి కబ్జా కదల్లేదు. అయినా ఏటా సన్మానాలు తప్పలేదు. బీరువా చాలక కొన్ని శాలువాలు చుట్టాలకు పంచిపెట్టాం కూడా. ఇంతటి విజయం వెనకున్న మెళకువలు నాతోనే పోకూడదని ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక హెచ్చరిక. మా కాలనీలో ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరు ఉన్నారు. గట్టిగా మాట్లాడరు, మైకిస్తే వద్దంటారు, ఫొటోల్లో వెనక వరసలో నిలబడతారు. ఇలాంటివాళ్లతోనే ప్రమాదం. ఏం చెయ్యకూడదో తెలియాలంటే ఆయన చేసేది చూస్తే చాలు. అందుకని మధ్యమధ్యలో ఆయన ప్రస్తావన తప్పదు, మన్నించాలి.

అర్జీ రాసే పద్ధతి

అర్జీ ఎప్పుడూ బాగా పైనున్నవాళ్లకే రాయండి. ప్రధానమంత్రికి ఒకటి, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శికి ఒకటి రాసి, ముఖ్యమంత్రికి నకలు పడేస్తే సరిపోతుంది. విషయం కూడా ఆ స్థాయికి తగ్గట్టుండాలి: ‘భూతాపాన్ని తక్షణమే అరికట్టాలి.’ దీన్ని కాదనేవాళ్లూ ఉండరు, చేసేవాళ్లూ ఉండరు. సర్వే నంబరు, వాగు పేరు, చేపలు తేలిన తేదీ, ఘాటు వాసన ఏ రాత్రి ఎన్ని గంటలకు వచ్చిందీ, ఇలాంటి చిల్లర వివరాలు చేర్చి కాగితం పరువు తియ్యకండి. మీ జిల్లాను చూసే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరు అని ఒకాయన ఉంటారు. ఫ్యాక్టరీ లోపలికి వెళ్లి, గొట్టం దగ్గర సీసా పెట్టి నీళ్లు పట్టే అధికారం ఆయనకుంది. అందుకే ఆయన పేరు మీద మాత్రం రాయకండి. పాపం, వెళ్లాల్సి వస్తుంది.

ఇంకా బలంగా ఉండాలంటే సోమవారం కలెక్టరేటుకు వెళ్లండి. తెలంగాణలో ప్రజావాణి అంటారు, ఆంధ్రలో పీజీఆర్‌ఎస్ అంటున్నారు. కాగితం కలెక్టరు గారి చేతిలో పెడుతూ కెమెరా వైపు చూడండి. మర్నాడు జిల్లా పేజీలో బొమ్మ వస్తుంది. రసీదు అడగడం మర్యాద కాదు; వాళ్లను నమ్మనట్టుంటుంది.

పోస్టుమాస్టరు గారు ఏం చేస్తారంటే, ఒక అర్జీలో ఒకే కోరిక రాస్తారు. ఒకే అధికారికి రాస్తారు. చేరినట్టు అవతలివాళ్ల సంతకంతో రుజువు వచ్చేదాకా నిద్రపోరు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడు పోస్టులో కలిపేశారని తెలిసిన రోజు ఆయన భోజనం మానేశారని చెప్పుకుంటారు. నెల తిరక్కుండా సమాచార హక్కు కింద ఇంకో కాగితం పెడతారు: ‘ఫలానా తేదీన మీకు చేరిన నా అర్జీ మీద ఎవరెవరు ఏం రాశారో ఆ నోటుఫైలు నకలు ఇప్పించగలరు.’ పది రూపాయల ఖర్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. నోటుఫైలు అడిగేసరికి, అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఆ ఫైలులో ఎవరో ఒకరు ఏదో ఒకటి రాయక తప్పదు. ఇంతకన్నా అమానుషం ఉంటుందా?

మీరూ సమాచార హక్కు వాడాలని ముచ్చటపడితే ‘ఎందుకు’తో మొదలుపెట్టండి. ‘మా చెరువును ఎందుకు పట్టించుకోవడం లేదు?’ అనండి. రికార్డుల్లో ఉన్నది ఇవ్వడమే చట్టం పని, కారణాలు చెప్పడం, అభిప్రాయాలివ్వడం కాదని రెండు ముక్కల్లో తిప్పి పంపేస్తారు. మీకూ అన్యాయం జరిగిందన్న తృప్తి మిగులుతుంది. చెరువు నిండినప్పటి హద్దు చూపే ఎఫ్‌టీఎల్ మ్యాపు నకలు అడిగారంటే మాత్రం ఇచ్చేస్తారు, జాగ్రత్త. ఆ తర్వాత దాన్ని పట్టుకుని ఎక్కడికో వెళ్లాల్సి వస్తుంది.

మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి, మీ ఇంట్లోనే ఆపేయండి

వాతావరణ మార్పుకు అసలు కారణం మీ పనిమనిషి తెచ్చే పాలిథిన్ కవరు అని గట్టిగా నమ్మండి. ఆమెతో రోజూ తగవు పడండి. స్టీలు స్ట్రా కొనండి, వెదురు టూత్‌బ్రష్షు కొనండి, అవి పెట్టుకోవడానికి జనపనార సంచి కొనండి. మీ కర్బన పాదముద్ర ఎంతో లెక్కేసుకుని సిగ్గుపడండి. ఆ లెక్కల యంత్రాన్ని ఈ శతాబ్దం మొదట్లో ఊరూవాడా ప్రచారం చేసిన పుణ్యాత్ములు బ్రిటిష్ పెట్రోలియం వారే. చమురు తవ్వి అమ్మే కంపెనీ, మీరు కారెంత నడిపారో మిమ్మల్నే లెక్క చూసుకోమంది. ఇంతటి వినయం నాకెంతో నచ్చింది.

ఇంట్లో లైట్లు ఆర్పడం మంచి అలవాటే, కాదనను. కానీ ఆ లైటుకు కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందన్న ప్రశ్న దగ్గరికి మాత్రం పోకండి. ఏటా నవంబరు చివరికల్లా డిస్కంలు వచ్చే ఏడాది ఎంత కరెంటు ఎవరి దగ్గర ఎంతకు కొంటాయో లెక్కలు విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెట్టాలి. ఆ లెక్కలు జనం చూడొచ్చు, అభ్యంతరాలు రాయొచ్చు, బహిరంగ విచారణకు వెళ్లి మాట్లాడొచ్చు. బొగ్గు కేంద్రంతో పాతికేళ్ల ఒప్పందం కుదుర్చుకుంటే కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా స్థిరఛార్జీ కడుతూనే ఉండాలన్న సంగతి అక్కడే బయటపడుతుంది. రెండు రాష్ట్రాల్లో రైతు సంఘాలవాళ్లూ, పాత ఇంజనీర్లూ, ఒకరిద్దరు మొండి విలేకరులూ వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది అక్కడికి వెళుతుంటారు. ఆ గదిలో ఏసీ ఉంటుంది గానీ ఫొటోకి వెలుతురు చాలదు. మీరు వెళ్లకండి. స్టీలు స్ట్రా తోముకోండి.

ప్రజాభిప్రాయ సేకరణ

ఇక అసలు పండగ. మీ మండలంలో సున్నపురాయి గనో, సిమెంటు ఫ్యాక్టరీయో, థర్మల్ కేంద్రమో వస్తోందనుకోండి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పుణ్యమా అని ఇలాంటివాటికి చాలామటుకు అనుమతికి ముందు ఊరివాళ్లను అడగాలి. అడగబోయే ముందు కనీసం 30 రోజుల వ్యవధితో పత్రికల్లో ప్రకటన వెయ్యాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక కావాలి. టెండర్లకూ పేరుమార్పులకూ నడుమ, భూతద్దం పెడితే గానీ కనిపించని అక్షరాల్లో అది ఉంటుంది. ఆ పేజీ తిరగెయ్యకండి. ఆదివారం రాశిఫలాలు ఎదురు పేజీలో ఉంటాయి, అవి చదవండి.

నివేదిక ముసాయిదాను కలెక్టరేటులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, స్థానిక సంస్థ ఆఫీసులో జనం చూడ్డానికి పెట్టాలి. సారాంశం తెలుగులో ఉండాలి. అసలు నివేదిక ఇంగ్లిష్‌లో వందల పేజీలుంటుంది. అంతా నిపుణులు రాసిందే కదా, మనం చదవడమేమిటి? చదివితే వచ్చే చిక్కులు చెబుతాను. మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గనికి రాసిన నివేదికలో కొంకణ కొండల మీద రష్యా అడవుల చెట్లు మొలిచాయి. రష్యాలోని ఏదో గని నివేదిక నుంచి పేరాలకు పేరాలు దించేశారని ఎవరో కూర్చుని చదివితే తేలింది. చదవకపోయి ఉంటే కొంకణంలో మంచు కూడా కురిసేది.

ఇంకో చిక్కు. గాలి, నీరు, నేల ఇప్పుడెలా ఉన్నాయో చెప్పే కొలతలు సాధారణంగా వానాకాలం కాని ఒక్క కాలంలో తీసుకుంటే చాలు. చుట్టూ 10 కిలోమీటర్ల మేర చూస్తారు. మండువేసవిలో వచ్చి చూస్తే మీ ఊరి వాగులో ఇసుక తప్ప ఏముంటుంది? ‘చెప్పుకోదగ్గ నీటివనరు లేదు’ అని రాసుకుపోతారు. ఆ వాగు శ్రావణంలో కాజ్‌వే మీదుగా పారి బడి బస్సును ఆపేస్తుందని రాసినవాళ్లకు తెలీదు, మీకు తెలుసు. ఆ రహస్యం మీలోనే దాచుకోండి.

పోస్టుమాస్టరు గారు పరిశ్రమల కేంద్రంలో ఓ బల్ల దగ్గర కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుంటూ, పేజీ నంబర్లు రూళ్ల నోటుబుక్కులో ఎక్కించుకున్నారు. ఇంగ్లిష్ పదం తెలియనప్పుడు డిగ్రీ చదివే మనవరాలికి ఫోన్ చేశారు. గుమాస్తా మూడుసార్లు టీ తాగొచ్చినా ఈయన లేవలేదు. ఆ గుమాస్తా బాధ మీరు అర్థం చేసుకోవాలి.

సరే, సభ రోజు వచ్చింది. షామియానా, కుర్చీలు, నీళ్ల ప్యాకెట్లు. అధ్యక్షత వహించేది కలెక్టరో, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారో. మీ ముందు రెండు దారులున్నాయి, రెండూ దివ్యమైనవే.

మొదటిది ఉపన్యాసం. పంచభూతాలతో ఎత్తుకోండి. ప్రకృతి మాత, పూర్వీకులు, వేదకాలం మీదుగా మీ తాతగారి మామిడితోట దాకా రండి. ‘ప్రాణాలైనా ఇస్తాం, కాలుష్యాన్ని రానివ్వం’ అని ముగించండి. చప్పట్లు మారుమోగుతాయి. అక్కడ చేతులెత్తి ఓటెయ్యడం లాంటిదేమీ లేదన్న సంగతి మర్చిపోండి. ఆ సభ దేన్నీ తేల్చదు. జరిగినదంతా వీడియో తీసి, కార్యక్రమ వివరాలు రాసి పైకి పంపిస్తారు. లేచిన ప్రతి అభ్యంతరానికీ కంపెనీ తుది నివేదికలో జవాబు రాయాలి. ‘కాలుష్యం వద్దు’ అన్న మీ గంట ఉపన్యాసానికి జవాబు ఒక్క వాక్యం: ‘అన్ని నిబంధనలూ పాటిస్తాం.’ రాసేవాడికి హాయి.

పోస్టుమాస్టరు గారు మైకు దూరంగా పట్టుకుని, గొంతు సరిగ్గా వినపడకుండానే, ‘ఫలానా పేజీలో ఫలానా పట్టికలో వాగుకు నీళ్లు లేవన్నారు. కొలిచిన తేదీ ఏప్రిల్లో ఉంది. ఆగస్టులో మళ్లీ కొలిచారా? వాగు దిగువన మూడు ఊళ్ల తాగునీటి బావులున్నాయి, అవి మ్యాపులో లేవు, ఎందుకని?’ అని కూర్చున్నారు. ఒక్క చప్పట్టూ లేదు. కానీ కన్సల్టెంటు కుర్రాడు పెన్ను తీసి రాసుకున్నాడు, అతని మొహంలో కళ తప్పింది. దీనికి ఒక వాక్యంతో పని జరగదు. అదే ప్రశ్నను రాతపూర్వకంగా కూడా ముందే కాలుష్య నియంత్రణ మండలికి పంపించేశారాయన, మైకు పనిచెయ్యకపోయినా రికార్డులో ఉండాలని.

రెండో దారి బహిష్కరణ. ‘ఈ బూటకపు సభను బహిష్కరిస్తున్నాం’ అని కుర్చీలు తన్ని బయటికొచ్చేయండి. ఇది యువతకు బాగా నచ్చుతుంది. సభ మొదలవడానికి ఇంతమంది ఉండాలన్న కోరం నిబంధన ఏదీ లేదని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంది. కాబట్టి మీరు రోడ్డు మీద నినాదాలు చేస్తుంటే, లోపల బస్సుల్లో వచ్చిన జనం ఉద్యోగాల గురించి రెండేసి మాటలు చెప్పి పొట్లాలు అందుకుంటారు. వీడియోలో వాళ్లు మాత్రమే ఉంటారు. ఢిల్లీలో చూసేవాళ్లకు మీ ఊరంతా ఫ్యాక్టరీ కోసం తహతహలాడుతున్నట్టు కనిపిస్తుంది.

చివర్లో సభలో నమోదైన అభిప్రాయాలను అందరికీ స్థానిక భాషలో చదివి వినిపించాలని కూడా నియమం ఉంది. తప్పు రాస్తే అప్పుడే దిద్దించుకోవచ్చు. ఆ సమయానికి మధ్యాహ్నం రెండున్నర దాటుతుంది. బిర్యానీ చల్లారిపోతుంది. మీరు ఉండకండి.

ఒక చెడ్డ ఉదాహరణ

ఈ విషయంలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని సోంపేటవాళ్లు చేసినవన్నీ నా శాస్త్రానికి విరుద్ధం. బీల అనే తంపర నేలల్లో 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం పెడతామన్నారు. కాగితాల్లో అది పనికిరాని బంజరు. సోంపేటవాళ్లకు అది నీళ్లు, చేపలు, గడ్డి, కలువలు, ఎత్తిపోతలతో పారే పొలాలు. మామూలుగా అయితే ‘మా ఉద్దానం మా తల్లి’ అని ఒక సభ పెట్టి ఊరుకోవాలి. వీళ్లు ఊరుకోలేదు. రైతులూ, జాలర్లూ, ఊళ్లో వైద్యం చేసే డాక్టరూ కలిసి అది తడినేల అని రుజువులు పోగేశారు. పక్షుల బొమ్మలు తీశారు, తెలిసినవాళ్లను పిలిపించి చూపించారు, ఢిల్లీలో అప్పట్లో ఉన్న జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ తలుపు తట్టారు. ఇక్కడ శిబిరంలో రిలే దీక్ష, అక్కడ ఢిల్లీలో కాగితాల పోరు. ఒకటి ఆపి ఇంకొకటి చెయ్యలేదు, రెండూ ఒక్కసారే నడిపారు.

2010 జులై 14న ఆ అప్పీలు సంస్థ థర్మల్ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అదే రోజు సోంపేటలో పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు.

ఆ రెండో వాక్యానికి నా దగ్గర చిట్కా ఏమీ లేదు.

బీల ఇంకా అక్కడే ఉంది.

ఫోన్లో ఉద్యమం

చేతిలో ఫోనుండగా ఎండన పడి తిరగడం దేనికి? 2020లో కేంద్రం ప్రభావ అంచనా నిబంధనలను సడలిస్తూ కొత్త ముసాయిదా తెచ్చింది. లాక్‌డౌన్ రోజులు. ముసాయిదా హిందీ, ఇంగ్లిష్‌లలోనే పెట్టారు. ఆ రోజుల్లో మీరు చెయ్యాల్సింది నల్ల రంగు డీపీ పెట్టుకోవడం, ‘దేశం ఏమైపోతోంది’ అని ఓ స్టేటస్. కొందరు అత్యుత్సాహులు ఏం చేశారంటే, అభ్యంతరాలు పంపాల్సిన ఈమెయిలు చిరునామా కనుక్కుని, ఏ క్లాజు మీద అభ్యంతరమో రాసి, లక్షల సంఖ్యలో పంపించారు. ఇంకొందరు కోర్టుకెళ్లారు. ఢిల్లీ హైకోర్టు గడువును ఆగస్టు 11 దాకా పొడిగించి, రాజ్యాంగం గుర్తించిన భాషలన్నిటిలోకీ దాన్ని తర్జుమా చెయ్యాలంది. ఆ ముసాయిదా ఖరారు కాకుండానే ఉండిపోయింది. అందులో ఉన్నవి కొన్ని తర్వాత విడివిడి సవరణలుగా చిన్న చిన్న తలుపుల్లోంచి లోపలికొచ్చాయనుకోండి. ఆ సవరణల మీద ఎవరూ డీపీ మార్చలేదు. నా శిష్యులు మంచి క్రమశిక్షణతో ఉన్నారని సంతోషించాను.

ఇక బొమ్మల సంగతి. 2025 మార్చి 30, ఉగాది, ఆదివారం. పండగ పూట హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు హాస్టలు మిద్దెల మీద నుంచి వీడియోలు తీశారు. మసకగా ఉన్నాయి, చెయ్యి వణికింది, కానీ తేదీ ఉంది, చోటు తెలుస్తోంది, చీకట్లో యంత్రాల దీపాలు తెలుస్తున్నాయి. అవి కోర్టు దాకా పోయాయి. సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రారును పంపి చూపించి, ఏప్రిల్ 3న నరుకుడు ఆపమంది. చెట్లు కొట్టడానికి అనుమతులు తీసుకున్నారా అన్న పొడిపొడి ప్రశ్న మీదే ప్రభుత్వం చిక్కుపడింది.

ఈలోగా మన ధోరణి తెలిసినవాళ్లు కొందరు రంగంలోకి దిగి, కృత్రిమ మేధతో బ్రహ్మాండమైన బొమ్మలు చేశారు. బుల్డోజర్ల ముందు జింకలు, నెమళ్లు, కళ్లనిండా నీళ్లు. నిజం వీడియోల కన్నా ఇవే ఎక్కువ తిరిగాయి. ఫలితం అమోఘం. అప్పటిదాకా చెట్ల గురించి జవాబు చెప్పుకోవాల్సిన ప్రభుత్వానికి ‘ఇవన్నీ నకిలీ బొమ్మలు’ అని చెప్పుకునే వీలు చిక్కింది, బొమ్మలు పంచినవాళ్లకు నోటీసులూ వెళ్లాయి. మీరూ ఇదే బాట పట్టండి. అసలు నెమలి ఎప్పుడూ సరిగ్గా కెమెరాకి నిలబడదు.

మొక్కా, ఎండా

ఏ సమస్యకైనా మొక్క నాటండి. కాలువ పూడిపోతే మొక్క, గాలి చెడితే మొక్క, అడవి నరికితే కాంపెన్సేషన్‌గా ఇంకో జిల్లాలో మొక్క. ఏ మొక్క అని అడక్కండి, తొందరగా పచ్చబడాలి, అంతే. తెలంగాణ హరితహారంలో రోడ్ల నడుమ కిలోమీటర్ల కొద్దీ కోనోకార్పస్ పెంచింది ఈ సూత్రం మీదే. తర్వాత ప్రభుత్వమే దాన్ని నాటొద్దంది. ఖమ్మం జిల్లాలో వనజీవి రామయ్య గారని ఉండేవారు, విత్తనాలు జేబులో వేసుకుని సైకిలు మీద తిరిగి బతికినంతకాలం నాటారు. ఆయన నాటినవాటికి నీళ్లు కూడా పోసేవారట. ఆ భాగాన్ని మనం వదిలేద్దాం.

మొక్క పెరిగి నీడిచ్చేలోగా ఎండలో పనిచేసేవాళ్ల సంగతేమిటని పోస్టుమాస్టరు గారు అడుగుతారు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2,000 మందికి పైగా వడదెబ్బకు పోయారు. కూలీలు, ముసలివాళ్లు, బస్టాండులో కునుకు తీసినవాళ్లు. 2025 ఏప్రిల్లో తెలంగాణ వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షలిస్తామంది. కానీ పోయింది వడదెబ్బతోనే అని ధ్రువీకరణ కావాలి. అడ్డా మీద కూలి పోతే ‘గుండె ఆగింది’ అని రాసేస్తారు. గుండె ఆగడం అబద్ధం కాదు కదా. ఈయన ఏం చేశారంటే, మున్సిపాలిటీకి వెళ్లి మా వార్డు వేసవి ప్రణాళిక చూపించమన్నారు. చలివేంద్రాలు ఎక్కడ, పారిశుద్ధ్య కార్మికుల పనివేళలు ఎండాకాలంలో మారతాయా, ఆరోగ్య కేంద్రంలో ఓఆర్‌ఎస్ నిల్వ ఎంత అని అడిగారు. ఆ ప్రణాళిక ఎక్కడెక్కడికో పోయి చివరికి ఒక డ్రాయరులో దొరికింది. ఆ వేసవి నుంచి మా వీధి ఊడ్చేవాళ్లు పొద్దున్నే వచ్చి పదింటికల్లా వెళ్లిపోతున్నారు. మాకు కాఫీ వేళకు దుమ్ము లేస్తోంది. ఇదీ ఆయన వల్ల కాలనీకి ఒరిగింది.

2024లో సుప్రీంకోర్టు బట్టమేక పిట్టల కేసులో తీర్పు చెబుతూ, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల్లో భాగమంది. ఇది చాలా అందమైన తీర్పు. ఫ్రేము కట్టించి ముందు గదిలో వేలాడదీయండి. పోస్టుమాస్టరు గారిలా ఓఆర్‌ఎస్ పొట్లాల అర్జీ కింద దాన్ని ఉటంకించడం తీర్పుకే చిన్నతనం.

ఉత్తర్వు వచ్చాక

మీరింత శ్రమపడ్డాక అనుమతి ఎలాగూ వస్తుంది. వచ్చినట్టు కంపెనీ స్థానిక పత్రికల్లో వెయ్యాలి, ఉత్తర్వు పరివేష్ వెబ్‌సైటులో ఉంటుంది. ఇక్కడ ఒక్కటే సూత్రం: తొందరపడకండి. జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు గడువు 30 రోజులు, ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మరో 60 రోజులు. ఆపైన ఎంత గొప్ప కేసైనా తలుపు తియ్యరు. కాబట్టి మొదటి నెల కమిటీలో ఎవరు అధ్యక్షుడన్న వివాదానికి కేటాయించండి. రెండో నెల చందాల లెక్కలు. మూడో నెలలో లాయరును వెతకండి, వెతుకుతుండగానే గడువు దాటుతుంది. దక్షిణాది బెంచ్ చెన్నైలో ఉంది, అక్కడిదాకా వెళ్లాలంటే కష్టం కదా అనుకోండి. లాయరు లేకుండా మీ వాదన మీరే చెప్పుకోవచ్చన్న సంగతి ఎవరికీ చెప్పకండి.

అనుమతితో పాటు షరతులుంటాయి, పేజీలకొద్దీ. బూడిద ఎక్కడ పొయ్యాలి, పచ్చదనం ఎంత మేర పెంచాలి, నీళ్లు ఎన్ని తీసుకోవాలి. ఆరు నెలలకోసారి, జూన్ 1న, డిసెంబరు 1న, కంపెనీ వాటి అమలు మీద నివేదిక పెట్టాలి. అది కూడా జనం చూడొచ్చు. ఎవరూ చూడరు. విశాఖలో ఎల్జీ పాలిమర్స్ సరైన పర్యావరణ అనుమతి లేకుండానే ఉత్పత్తి సాగిస్తున్నానని 2019లో తన అఫిడవిట్‌లో తానే రాసిచ్చింది. అది ఫైలులో ప్రశాంతంగా పడి ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీద పడ్డాకే, 12 మంది పోయాకే, అందరూ ఆ కాగితం చదివారు.

పోస్టుమాస్టరు గారు ఈ మే నెల చివర్లో నా దగ్గరికొచ్చి, జూన్ 1 నివేదిక వచ్చాక కూర్చుని షరతులతో పోల్చి చూద్దాం, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లను పంపండి అన్నారు. ఆ వారం ఎలా కుదురుతుంది చెప్పండి? జూన్ 5 పర్యావరణ దినోత్సవ ర్యాలీ మీద పడుతోంది. ఫ్లెక్సీ ఆర్డరివ్వాలి, స్కూలు పిల్లల్ని తేవాలి, ఎమ్మెల్యే గారి టైము తీసుకోవాలి. ఈసారి టీషర్టులు ఆ ఫ్యాక్టరీవాళ్లే స్పాన్సర్ చేస్తున్నారు, వీపు మీద వాళ్ల లోగో, ముందు మన భూగోళం. సైజులు శుక్రవారంలోగా నాకు చెప్పండి. ఎక్స్‌ఎల్ తక్కువ వేయిస్తున్నారు.